ఆవిడ ఉన్నవన్నీ తీసేయండి

వీధిలో అందరూ ఆయన్ని ఖాళీ మావయ్య అంటారు. పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, సొంత బావమరిది. మనుషులు లేని ఫోటోలు తీస్తాడు కాబట్టి ఖాళీ, నిక్షేపంలాంటి స్టూడియో మూసేసి తిరుగుతున్నాడు కాబట్టి మరీ ఖాళీ అని అతని లెక్క. పెట్టినవాడు పెట్టి ఊరుకోకుండా సెలూన్లో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ అర్థం విడమరిచి చెప్పాడు. దాంతో ఏ వరసా లేనివాళ్ళకి కూడా ఆయన మావయ్య అయిపోయాడు, ఆయన భార్య అత్తయ్య అయిపోయింది. నీకిది ఇష్టమేనా అని అత్తయ్యని ఎవరూ అడగలేదు. ఆవిణ్ణి అడగకపోవడం ఈ కథలో ఇంకా చాలాసార్లు జరుగుతుంది కాబట్టి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఆయన పుట్టుకతో ఖాళీ ఏమీ కాదు. కింద స్టూడియో, పైన కాపురం. పాస్‌పోర్టులకి, పరీక్షలకి, లైసెన్సులకి ఊళ్ళో సగం మొహాలు ఆయన తీసినవే. "గడ్డం కొంచెం కిందికి. ఇంకొంచెం. ఆ. రెప్ప వేయకండి." ఈ నాలుగు ముక్కలతోనే వయసంతా గడిచిపోయింది. ఒకసారి గొంతు నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు టార్చిలైటు పట్టుకుని ముందుకి వంగితే, ఈయన అలవాటు కొద్దీ "గడ్డం కొంచెం కిందికి" అన్నాడు. డాక్టరు దించాడు. ఇద్దరూ కాసేపు అలాగే ఉన్నారు.

అలాంటి మనిషి ఒకరోజు మిట్టమధ్యాహ్నం షట్టర్ దించేసి మెట్లెక్కి పైకొచ్చాడు. కింద ఎవరో పెద్దమనిషి తీసిన ఫోటోనే మళ్ళీ మళ్ళీ తీయించుకుని, చివరికి "ఈ మొహం నాది కాదండీ" అన్నాడట.

"మొహాలు చూసి చూసి మొహం మొత్తింది," అన్నాడు భార్యతో. "ఇంక మనుషుల్ని తీయను. కొండలు, నీళ్ళు, మబ్బులు తీస్తాను. బాగా రాలేదు మళ్ళీ తీయమని అవి అడగవు."

అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న మడత పూర్తి చేసింది.

"ఒక్క ఏడాది," అంది. "ఏడాది చివర మీరేం తీశారో నేను చూస్తాను. చూసి చెప్తాను, షట్టర్ మళ్ళీ తీయాలో అక్కర్లేదో."

"నువ్వా?"

"మరెవరు?"

ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ ఏడాదంతా ఇల్లు నడవబోయేది ఆవిడ సాయంత్రాలు చెప్పే లెక్కల ట్యూషన్ల మీద. ఆవిడ దగ్గర చదివే పిల్లల్ని అడిగితే ఇంకో సంగతి కూడా చెబుతారు. లెక్క సరిగ్గా చేస్తే పక్కన టిక్కు పెడుతుంది తప్ప బాగుంది అని రాయదు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట బాగుంది అన్న మాట మావయ్య విన్నది ఒక కుక్కర్ గురించి, ఒక కళ్ళ డాక్టరు గురించి. ఇప్పుడు కొండల గురించి అనిపించాలి. అనిపించలేకపోతే మళ్ళీ ఆ స్టూలు, ఆ తెల్ల తెర, ఆ గడ్డాలు. ఆయనకి నిజంగా భయం వేసింది. అందుకే ఏడాది చివరిదాకా ఒక్క ఫోటో కూడా ఆవిడకి చూపించకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. సగం ఉడికింది రుచి చూపించి మాట పడడమెందుకని.

ఏడాది మొదలైంది. కారు నడిపేది అత్తయ్య. మావయ్య నడిపితే రోడ్డు ఒక్కటి తప్ప అన్నీ చూస్తాడు. ఒకసారి మబ్బుని చూస్తూ పోనిచ్చి పాలబూత్ మెట్లెక్కించబోయాడు. అప్పట్నుంచి ఆయన స్థానం ఆవిడ పక్క సీటు. వెనక సీటంతా సామాన్లది: కెమెరా స్టాండు, సంచులు, మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కు. అత్తయ్యకి రెండు వీధుల అవతల ఒక అక్క ఉండేది. పొద్దున్నే పాలకి వెళ్తూ వీళ్ళ బయల్దేరే తతంగం చూడడం ఆవిడకో కాలక్షేపం. ఒకరోజు కారు అద్దంలోంచి వెనక సీటు కేసి తొంగి చూసి, "ఇందులో మనుషులు పట్టరు కాబోలు" అని నవ్వింది. వదిన జోకు వేసిందని మావయ్య కూడా నవ్వాడు.

ఆయన పని చేసే పద్ధతి ఇది. ముందు చోటు చూసుకుంటాడు, కెమెరాని స్టాండుకి బిగిస్తాడు. అప్పుడు అత్తయ్య వెళ్ళి సరిగ్గా ఆ దృశ్యం మధ్యలో, గడ్డం కింద ఒక బూడిదరంగు అట్ట పట్టుకుని నిలబడాలి. అక్కడ వెలుతురు ఎంత ఉందో, ఏ రంగులో ఉందో కెమెరా ఆ అట్టని చూసి తేల్చుకుంటుంది. దాన్ని ఆయన కొలత ఫోటో అంటాడు. అదవగానే "పక్కకి జరుగు" అంటాడు. ఆవిడ జరిగి, నడుచుకుంటూ ఆయన వెనక్కి వచ్చి నిలబడుతుంది. అప్పుడు అసలు ఫోటో. ఇంటికొచ్చాక కంప్యూటర్లో కొలత ఫోటో తెరిచి, తెర నిండా అట్ట ఒక్కటే కనిపించేంత పెద్దది చేసి, రంగు సరిచూసుకుని మూసేస్తాడు. అసలు ఫోటో ముందు మాత్రం పక్కన పెట్టిన టీ తొరక కట్టేదాకా కూర్చుంటాడు.

చలి రోజుల్లో మంచు కమ్మిన పొలాలు, చలి తగ్గుతుండగా పట్టాలు పీకేసిన పాత రైలు వంతెన తీశాడు. ఎండలు ముదిరాక మూసేసిన రాళ్ళ క్వారీ తీశాడు. పట్టాలు పీకేసిన పాత రైలు వంతెన తీశాడు. బావమరిది నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపు ముందు నిలబడి, వీళ్ళ కారు తిరిగొస్తుంటే చెయ్యెత్తి ఆపేవాడు.

"ఏం దొరికింది బావా ఇవాళ?"

"కొండ."

"కొండని తవ్వితే ఎలకైనా దొరుకుతుందంటారు. నువ్వు దాన్ని తవ్వవు కూడా. ఊరికే చూసి వస్తావు."

తవ్వకం సంగతి వీడికెందుకని మావయ్య కారు పోనిమ్మనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. నాలుగోది ఎవరైనా చేత్తో పట్టి చూపించినా వెలుతురు చాలట్లేదంటాడు.

ఒక పొద్దున మెట్ల కొండ మీద, కొలత ఫోటో అసలు ఫోటో రెండూ అయ్యాక, అత్తయ్య అట్టని సంచిలో పెడుతూ అడిగింది.

"నన్నొకటి తీయకూడదూ?"

"ఇప్పుడేగా తీశాను."

"అది అట్టని తీశారు."

మావయ్య ఆలోచించాడు. ఆవిడన్నది నిజమే. "ఇప్పుడు వెలుతురు మారిపోయింది," అన్నాడు. అదీ నిజమే. ఆవిడ ఒక్కో మెట్టూ పట్టుకుని దిగింది. ఆ ఏడాది మొత్తానికి ఆవిడ తనకోసం అడిగింది అదొక్కటే.

వానలు మొదలైన రోజుల్లో అత్తయ్య వాళ్ళ అక్క పోయింది. పెద్ద జబ్బేమీ లేదు. సాయంత్రం నీరసంగా ఉందని పడుకుంది, మళ్ళీ లేవలేదు. జరగాల్సినవన్నీ జరిగాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అత్తయ్య నలుగురిలో ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, టీలు ఇచ్చింది, వెళ్ళేవాళ్ళని గుమ్మం దాకా సాగనంపింది. తర్వాత ఒకరోజు పొద్దున తనే తాళంచెవి తీసి, "ఎక్కడికైనా వెళ్దాం పదండి. ఇంట్లో ఊపిరాడట్లేదు" అంది.

రిజర్వాయరుకి వెళ్ళారు. వాన అప్పుడే వెలిసింది. నీళ్ళ మీద గాలి లేదు, మబ్బు అంచులోంచి వెలుతురు వాలుగా దిగుతోంది. అలాంటి వెలుతురు కోసమే కదా తాను మొహాల్ని వదిలేసింది అనుకున్నాడు మావయ్య. అత్తయ్య నీళ్ళ ఒడ్డున నిలబడింది. ఆయన కొలత ఫోటో నొక్కే క్షణంలోనే అట్ట ఒకసారి కిందికి దిగింది. "పైకి పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. "పక్కకి జరుగు" అన్నాడు. జరిగింది. ఆయన తీసిన అసలు ఫోటో ఆ ఏడాదికంతా తలమానికం. ఆ సంగతి నొక్కిన క్షణమే ఆయనకి తెలిసిపోయింది. ఇంటికొచ్చే దారిలో ఈల కూడా వేశాడు. మళ్ళీ చినుకులు మొదలైతే అత్తయ్య వైపరు వేసుకుని కారు నడిపింది.

ఏడాది నిండబోతుంటే ఊళ్ళో లైబ్రరీ మీటింగు హాలు ఒక ఆదివారానికి ఇస్తామన్నారు. లైబ్రరీ సెక్రటరీ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎప్పుడూ ఎవరినో నిశ్శబ్దంగా ఉండమని చెప్పబోతున్న మొహం. ఆయన రెండే షరతులు పెట్టాడు. ఒకటి, ఈ ఏడాది మీ పని గురించి గుమ్మం దగ్గర పెట్టడానికి ఒక పేజీ రాసివ్వాలి. రెండు, ఫోటోలు బిగించేటప్పుడు మీరు రాకూడదు.

"ఎందుకండీ?"

"పక్కన ఫోటోగ్రాఫరు ఉంటే మా గోడలకి మేకులు దిగవు. అనుభవం."

పేజీ రాయడానికి మావయ్య నానా తంటాలు పడ్డాడు. కెమెరా పట్టిన చేతికి పెన్ను బరువు. పైగా ఏడాదిని వెనక్కి తిరిగి చూసుకోవాలంటే, ఆయనకి వెలుతురు ఒక్కటే గుర్తొస్తోంది. మంచులో పాలరంగు, క్వారీలో సున్నం రంగు, రిజర్వాయరు మీద వెండి. చివరికి ఇలా రాశాడు: "ఈ ఏడాదంతా నేను ఒంటరిగా గడిపాను. మనిషి జాడ లేని చోట్ల ప్రకృతి ముందు మౌనంగా నిలబడ్డాను. నాకు తోడుగా ఉన్నది నిశ్శబ్దం ఒక్కటే." రాసుకున్నది తనకే బాగా నచ్చి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. పక్కగదిలో ఆ నిశ్శబ్దం పిల్లలకి భిన్నాలు చెబుతోంది.

ఏడాదిలో ఏరిన ఫోటోలన్నీ ప్రింటింగ్ ల్యాబుకి అప్పటికే ఇచ్చాడు. కొలతవి, అసలువి జంటలు జంటలుగా కలిసే ఉన్నాయి. ఆ సంగతి గుర్తొచ్చి గాభరాపడి ఫోన్ చేశాడు.

"చూడండి, అందులో ప్రతి చోటుకీ రెండేసి ఉంటాయి. ఒకదాంట్లో మా ఆవిడ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఆవిడ ఉన్నవన్నీ తీసేయండి."

ల్యాబాయన వెనక మిషను గడగడలాడుతోంది. "అమ్మగారు ఉన్నవన్నీ తీసేయమంటారా?"

"అన్నీ. ఒక్కటి కూడా మిగలకూడదు."

"మరి లేనివో?"

"లేనివి ఉంటాయిగా."

"ఉంటాయి, ఎక్కడికి పోతాయి. పెద్ద సైజేనా?"

"పెద్ద సైజని మొన్ననే చెప్పాను కదయ్యా."

"సరే గురువుగారూ. తీసేసి నేరుగా హాలుకి పంపించేస్తాను."

ఇందులో ల్యాబాయన తప్పేమీ లేదు. మనం ఫోటో తీస్తాం, ప్రింటు తీస్తాం, తలుపు తీస్తాం, నొప్పి భరించలేకపోతే పన్నూ తీసేస్తాం. పొద్దున లేస్తే ప్రింట్లు తీసే మనిషికి తీసేయండి అంటే చప్పున కానిచ్చేయండి అనే అర్థమవుతుంది. కావాలంటే మీరే మీ ల్యాబుకి ఫోన్ చేసి చూడండి.

ఆదివారం పొద్దున అత్తయ్య కారు నిలపడానికి చోటు వెతుక్కుంటుంటే మావయ్య ముందు దిగి హాలు కేసి నడిచాడు. లోపల్నుంచి గలగలలు వినిపించాయి. తాను అనుకున్నదానికంటే జనం ఎక్కువే వచ్చారు. ఆయన గుండె కొంచెం పొంగింది. గుమ్మం పక్కన ఆయన పేజీని తలుపంత ఎత్తున రాయించి పెట్టారు. ఒంటరిగా అన్న మాట దూరానికి కూడా కనిపిస్తోంది. దాన్ని దాటి లోపలికి అడుగుపెట్టి గోడల వైపు చూశాడు.

మంచు కమ్మిన పొలాల మధ్య అత్తయ్య ఉంది. క్వారీలో అత్తయ్య ఉంది. వంతెన మీద అత్తయ్య, కొండ మెట్ల మీద అత్తయ్య. నాలుగు గోడల మీదా, ప్రతి చోటా నట్టనడుమ, గడ్డం కింద అట్ట పట్టుకుని నిలబడి ఉంది.

బావమరిది అప్పటికే అక్కడున్నాడు. "బావా, స్టేషన్లో ఫోటో తీసేటప్పుడు ఇలాగే పలక పట్టిస్తారు. మా చిన్నక్క ఏ కేసులో దొరికింది? ఇన్ని చోట్ల చేసిందా?"

సెక్రటరీ వచ్చి చెవిలో అడిగాడు. "పేజీలో మీరు రాసిన నిశ్శబ్దం ఈవిడేనాండీ?"

మావయ్యకి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. కుట్టిందని చెప్పడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. అసలు ఫోటోలు ల్యాబులోనే ఉండిపోయాయి, ఆదివారం కాబట్టి ల్యాబు మూసుంది. ఇంకో కాసేపట్లో అత్తయ్య వస్తుంది. ఏడాదికి మార్కులు వేయబోయే మనిషి వచ్చి, చూడాల్సిన ఒక్కటి కూడా చూడకుండానే వేసేస్తుంది. "ఇవి కావండీ, ఇవి కొలత ఫోటోలు" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. సెలూనాయన ఓ ఫోటో ముందు వెనక్కి జరిగి, ముందుకి జరిగి చూసి, "కొలత బాగా కుదిరింది మావయ్యా" అన్నాడు.

జనం మాత్రం కదలడం లేదు. వంతెన మీద అత్తయ్య వాచీ చూసుకుంటోంది. ట్యూషన్ పిల్ల తల్లి ఒకావిడ దాన్ని పోల్చుకుంది. "ఇది మా పిల్లకి పరీక్షల రోజులప్పుడు. ట్యూషన్ టైముకి వచ్చేసేది పాపం." క్వారీలో ఎండకి కళ్ళు చికిలించి, అట్ట పట్టుకోని చెయ్యి నెత్తిన పెట్టుకుంది. మంచులో అట్ట పైన పెద్ద ఆవలింత. మావయ్య గోడ వెంబడి నడుస్తూ మొదటిసారి వాటిని చూశాడు. చలి రోజుల్లో స్వెట్టరుకి గుండీలన్నీ ఉన్నాయి, వంతెన దగ్గరికొచ్చేసరికి మధ్య గుండీ లేదు. కొండ మెట్ల మీద మోకాలికి పట్టీ ఉంది. ఆ మోకాలితోనే అంత ఎత్తు ఎక్కింది, ఆ మోకాలితోనే నన్నొకటి తీయకూడదూ అని అడిగి, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగింది. ఆయనకి ఆ రోజు వెలుతురు గుర్తుంది. పట్టీ గుర్తులేదు. ఆయన సిగ్గుపడ్డాడు. వీధి పెట్టిన పేరుకి ఎన్నడూ పడనంత సిగ్గుపడ్డాడు.

అప్పుడు అత్తయ్య వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి పేజీ మొత్తం చదివింది. ఎక్కడైనా అక్షరదోషముంటే పట్టుకునే మనిషి కాబట్టి నెమ్మదిగా చదివింది. లోపలికొచ్చి మొదటి ఫోటో దగ్గర మొదలుపెట్టి, పేపర్లు దిద్దేటప్పుడు చూసినట్టే ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు.

"ల్యాబువాళ్ళు తప్పు చేశారు," అన్నాడు మావయ్య వెనకే నడుస్తూ. "నేను తీసేయమన్నాను."

"తీసేశారుగా," అంది ఆవిడ. "నా నోరు మూసి ఉన్నది ఒక్కటి కూడా లేదా?"

"ఇవి చూసి నిర్ణయం చెప్పకు. అసలువి వేరే ఉన్నాయి."

ఆవిడ ముందుకి నడిచింది. ఎదురుగా ఉన్న పెద్ద గోడ మీద రిజర్వాయరు ఉంది. సెక్రటరీకి అదే అన్నిటికంటే బాగుందనిపించి మధ్యలో పెట్టించాడు. బావమరిది కూడా అక్కడే ఉన్నాడు. ఈసారి జోకు వేయలేదు.

"ఇది పెద్దక్క పోయాక కదూ, చిన్నక్కా," అన్నాడు.

ఆ ఒక్క ఫోటోలో అట్ట గడ్డం కింద లేదు. రెండు చేతులూ కిందికి దిగిపోయి, అట్ట మోకాళ్ళ దగ్గర వేలాడుతోంది. వెనక నీళ్ళు, మబ్బు, వెండి రంగు వెలుతురు, అన్నీ ఆయన అనుకున్నట్టే ఉన్నాయి. మధ్యలో అత్తయ్య ఏడుస్తోంది. దాచుకునే ఏడుపు కాదు, మొహమంతా ఏడుస్తోంది. చూపు నీళ్ళ వైపు లేదు, మబ్బు వైపు లేదు. నేరుగా కెమెరా వైపు, అంటే కెమెరా వెనకున్న మనిషి వైపు చూస్తోంది. నలుగురిలో ఏడవని మనిషి, ఒక్కడి ముందు ఏడ్చింది.

"మీరప్పుడు ఏం చూశారు?" అని అడిగింది అత్తయ్య. గొంతులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది.

"అట్ట," అన్నాడు మావయ్య.

"తర్వాత?"

"పైకి పట్టుకోమన్నాను."

"పట్టుకున్నాను. తర్వాత?"

"పక్కకి జరగమన్నాను."

"జరిగాను," అంది ఆవిడ.

మావయ్యకి ఏం చేయాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా మొహాల ముందు బతికినవాడికి, చూడకుండా వదిలేసిన మొహం ఇదొక్కటేనని ఇప్పుడు అర్థమైంది. "దీన్ని తీసేయమంటావా?" అన్నాడు చివరికి, మెల్లగా.

"ఏ తీసేయడం?"

ఆయన చూపు ఫోటో పైనున్న మేకు మీదికి వెళ్ళింది.

"ఉండనివ్వండి," అంది అత్తయ్య. "అందరూ చూశారు. మీరూ చూశారు. ఇంక తీసి ఏం చేస్తారు." అని సెక్రటరీ ఇచ్చిన టీ తీసుకుని, గుండీ లేని స్వెట్టరు గురించి ఎవరో అడుగుతుంటే జవాబు చెప్పడానికి వెళ్ళింది.

సాయంత్రం కారులో ఇంటికి బయల్దేరారు. పక్క సీట్లో మావయ్య ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. అసలు ఫోటోల సంగతి ఎత్తాలని ఉంది. ఎత్తడానికి మొహం చెల్లడం లేదు. వెండి వెలుతురున్న ఆ ఖాళీ రిజర్వాయరుని ఇప్పుడు తలుచుకుంటే, అందులో ఉండాల్సిన మనిషిని తనే పక్కకి జరిపేశాడన్నది ఒక్కటే కనిపిస్తోంది. అది తలమానికమని తనకి తానే ఈల వేసుకున్నాడు.

"రేపు షట్టర్ తీయండి," అంది అత్తయ్య, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

అయితే పోయిందన్నమాట. ఆయన తలూపాడు. బతిమాలాలని కూడా అనిపించలేదు.

"ఆదివారాలు మీ కొండలకి వెళ్దాం. మానేయమనడం లేదు. అట్ట మాత్రం నేనింక పట్టుకోను, కర్రకి కట్టుకోండి."

"సరే."

"రేపు మొదటి గిరాకీ నేను."

మర్నాడు పొద్దున ఏడాదిగా మూసున్న షట్టర్ కిర్రుమంటూ సగం లేచి ఆగింది. బావమరిదిని పిలిస్తే వచ్చి ఒక్క తన్ను తన్ని పైకి లేపాడు. లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తెల్ల తెర, లైట్లు, దువ్వెన వేలాడే అద్దం, గుండ్రటి స్టూలు. మావయ్య దుమ్ము దులిపి లైట్లు వేసేసరికి అత్తయ్య కిందికొచ్చింది. తల దువ్వుకుంది. స్వెట్టరుకి కొత్త గుండీ కుట్టుకుంది, రంగు కలవలేదు. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తీయండి," అంది.

మావయ్య కెమెరా వెనక్కి వెళ్ళాడు. అలవాటు కొద్దీ చెయ్యి సంచిలో అట్ట కోసం వెతికి, దొరికాక దాన్ని అక్కడే వదిలేసింది. కెమెరా అద్దంలోంచి ఆవిణ్ణి చూశాడు. గడ్డం ఆ నాలుగు ముక్కలు చెప్పాల్సినంత పైకే ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన దాన్ని మింగేసి, కెమెరా వెనక నుంచి ఇవతలికి వచ్చాడు.

"ఆ రోజు వదిన గుర్తొచ్చిందా?" అని అడిగాడు.

అత్తయ్య ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకుంది.

"గుర్తొచ్చింది కాదు," అంది. "అక్క నన్నొకసారి అడిగింది. ఒక్కరోజు నేనూ వస్తానే, ఆ నీళ్ళేవో చూపించవే అని. వెనకంతా సామాన్లే అక్కా, చోటు లేదు, ఇంకోసారి చూద్దాంలే అన్నాను. ఆ రోజు అక్కడ నిలబడితే, వెనక సీటు ఒక్కరోజు ఖాళీ చేస్తే ఏం పోయేదని అనిపించింది."

పట్టరు కాబోలు అని వదిన నవ్విన నవ్వు మావయ్యకి గుర్తొచ్చింది. అది జోకు కాదు. పక్కనున్న ఇంకో స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అట్ట దించాను," అంది అత్తయ్య. "మీరు పైకి పట్టుకోమన్నారు."

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఆ మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. కెమెరా ఆయన వెనక ఉంది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ అక్క గురించి చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పటి సంగతులు, పెళ్ళికి ముందు సంగతులు, ఆయనకి తెలియనివి చాలా ఉన్నాయి.

గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. చేతిలో ఏవో కాగితాలున్నాయి, కొత్తవాడిలా ఉన్నాడు.

"పాస్‌పోర్టు ఫోటో కావాలండీ. ఖాళీయేనా?"

"ఖాళీ లేదు," అన్నాడు మావయ్య, ఆవిడ మొహం మీద నుంచి చూపు తిప్పకుండా. "తర్వాత రండి."